కుట్టకుండా వదిలిన జానెడు

పెదకాకాని,
23 జనవరి 2025.

సిద్దికాకి తాత దువా.

నువ్వు కాలేజీలో మెంబరువి అయ్యావట. ఆదివారం ఫోన్లో నువ్వు చెబుతుంటే మీ అమ్మ నవ్వుతోంది. నేను దాని పెదాలు చూస్తూ కూర్చున్నాను. మెంబరు అన్నది అందింది. మిగతాది అందలేదు. మళ్ళీ అడిగితే, "నీకు అరిచి చెప్పేసరికి నా గొంతు పోతుంది నాయనా, దానికే ఉత్తరం రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

మెంబరు అంటే ఏం చెయ్యాలి? సంతకాలు పెట్టాలా? పెట్టాల్సి వస్తే చూసి పెట్టు.

హాస్టల్లో పరుపు గడ్డలు కట్టి నడుం నొప్పి అన్నావట. ఈ ఏడు వానకి పత్తి రంగు మారింది. మంచి దూది దొరికాక నీకు కొత్తది కుడతాను. మంచం కొలిచి రాయి. జానలతో చాలు. నీ జాన నాకు తెలుసు.

మీ అమ్మకి మిరపకాయల పని మొదలైంది. పొద్దున పోతే చీకటి పడేటప్పుడు వస్తోంది. తాలు కాయలు ఏరి ఏరి దాని చేతులు మండుతున్నాయి.

కళ్ళు జాగ్రత్త.

తాత
షేక్ బుడాన్


ఒంగోలు,
30 జనవరి 2025.

తాతకి సలాం.

నీ ఉత్తరం వార్డెన్ మేడమ్ అందరి ముందూ ఎత్తి చూపించి, "ఈ కాలంలో నీకు ఉత్తరం రాసేదెవరే?" అంది. హాలంతా ఒకటే కేకలు. "మా తాత" అన్నాక చప్పబడ్డారు. హాస్టల్లో ఆదివారం ఒక్కపూటే ఫోను చేతికిస్తారు కదా, నీ ఉత్తరం నాకు బుధవారం వచ్చిన ఆదివారం.

మెంబరు సంగతి చెబుతాను. మార్చిలో మా కాలేజీకి పైనుంచి ఒక తనిఖీ కమిటీ వస్తుంది. చదువు ఎలా ఉందో చూసి గ్రేడు ఇస్తుంది. అందుకోసం కాలేజీలోనే ఒక నాణ్యతా సంఘం ఉండాలి. అందులో విద్యార్థుల తరఫున ఒకరు ఉండాలి. ఆ ఒకరు నేను. సంఘాన్ని చూసేది ప్రద్యుమ్న సార్.

"నన్నెందుకు తీసుకున్నారు సార్?" అని అడిగాను.

"ఫస్టు మార్కులు నీవే కదమ్మా. పైగా నువ్వు మాట్లాడవు."

బయటికి రాగానే నా స్నేహితురాలు ఆశ్రిత, "ఒసేయ్, నిన్ను మెంబర్ని చెయ్యలేదే, బొమ్మని చేసి కూచోబెట్టారు" అంది. మాట్లాడకపోవడం నీ దగ్గర్నుంచే వచ్చింది నాకు. ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

మా కెమిస్ట్రీ ల్యాబు సంగతి చెబితే నమ్మవు. గాజు గొట్టాలు మూడు ఉన్నాయి, రెండింటికి కుళాయి లేదు. కెమిస్ట్రీ చెప్పే మేడమ్ ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. ఆవిడ చోట్లోకి ఎవరూ రాలేదు. సీనియర్ల రికార్డు చూసి మేం అంకెలు దించుకుంటాం. ఒక ప్రయోగంలో చుక్క చుక్కగా పోస్తుంటే రంగులేని నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి. 'గులాబీ రంగు వచ్చెను' అని మూడేళ్ళుగా రాస్తున్నాను. ఒక్కసారీ చూడలేదు.

విద్యార్థుల అభిప్రాయం అని కమిటీకి చూపించే ఫారాలు ఉన్నాయి. ఇరవై ప్రశ్నలు. వాటిని ఆఫీసులో వాళ్ళే నింపుతున్నారు. అన్నిటికీ 'చాలా బాగుంది'. విద్యార్థులే రాశారని కింద నేను సంతకం పెట్టాలి. ఇంకా పెట్టలేదు. ఏం చెయ్యమంటావు?

మంచం పొడవు తొమ్మిది జానలు, వెడల్పు నాలుగు.

నీ
సిద్దికా


పెదకాకాని,
5 ఫిబ్రవరి 2025.

సిద్దికాకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రేడు నీకిస్తారో కాలేజీకిస్తారో సరిగా తెలియలేదు. నీకే అయితే మంచిది రావాలని దువా చేశాను. కాలేజీకే అయినా ఆ దువా చెల్లుతుందిలే.

నన్ను అడిగావు. నేను అయిదో తరగతి. చదువు సంగతి చెప్పలేను. పరుపు సంగతి చెబుతాను.

పరుపు కుట్టేటప్పుడు ఒక మూల జానెడు కుట్టకుండా వదిలేస్తాను. నువ్వు చిన్నప్పుడు అందులో చెయ్యి దూర్చి తిట్లు తినేదానివి. చేయించుకున్నవాళ్ళు వచ్చి ఆ జానెట్లో చెయ్యి పెట్టాలి. లోపలి నుంచి దూది లాగి చూసుకోవాలి. సరే అన్నాక వాళ్ళ ఎదురుగా ఆ జానెడు కుడతాను. మా నాయన అలా చేసేవాడు. నేనూ అంతే.

ఒక్కసారి చెయ్యలేదు. గుంటూరులో ఒక లాడ్జికి ఇరవై పరుపులు. మిల్లు చెత్త నింపమన్నారు. నింపాను. మూలలన్నీ ఇంట్లోనే కుట్టి పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళయింది. ఆ లాడ్జి ముందు నుంచి బస్సు పోతుంటే ఇప్పటికీ అటు చూడను.

ఇంతే నాకు తెలిసింది.

మీ అమ్మ గొంతు దగ్గుతో రాసుకుపోయింది. మిరప ఘాటు. నీకు చెప్పొద్దంది.

తాత


ఒంగోలు,
14 ఫిబ్రవరి 2025.

తాతా,

నీ ఉత్తరం ఆశ్రితకి చదివి వినిపించాను. అది ఉత్తరం తీసుకుని ఇంకోసారి చదివి, "మనమూ ఓ మూల వదిలేద్దామే" అంది.

ఖాళీ ఫారం జిరాక్సు తీయించాం. నాలుగు రోజులు సాయంత్రం క్లాసులు అయ్యాక బెంచీ బెంచీకి తిరిగాం. ఆశ్రిత మాట్లాడింది, నేను కాగితాలు పంచాను. వెనక బెంచీ త్రినాథ్, "పేరు రాయాలా?" అన్నాడు.

"అక్కర్లేదు."

"అయితే ఇంకో నాలుగివ్వు తల్లీ, మనసులో చాలా ఉంది."

నవ్వారు గానీ తర్వాత అందరూ తల వంచుకుని రాశారు. పరీక్షల్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. 'బోధన ఎలా ఉంది?' అన్నచోట ఒకరు 'మొదలుపెట్టాక చెబుతాం' అని రాశారు. లైబ్రరీ గురించి, 'అద్దాల బీరువాలో పుస్తకాలు బాగా కనిపిస్తున్నాయి, తాళం కూడా బాగుంది' అని ఒకరు. ల్యాబు అటెండర్ తోమా అన్న వచ్చి, "నాకూ ఒకటివ్వమ్మా, ఏడాదిన్నరగా నేనే కదా మీ కెమిస్ట్రీ లెక్చరర్ని" అన్నాడు. ఆయనకి ఇవ్వకూడదు కదా. ఇచ్చాను. లెక్కలో మాత్రం కలపలేదు.

మొత్తం నూట నలభై మూడు. ఒకమ్మాయి ఏ గడీలోనూ టిక్కు పెట్టకుండా కింద ఒక్క మాట రాసింది, 'మా తర్వాత వచ్చేవాళ్ళకైనా మేడమ్‌ని పెట్టండి' అని. అది చదివాక నాకు భయం పోయింది.

కమిటీ వాళ్ళు విద్యార్థులతో విడిగా కూర్చుంటారు. అప్పుడు ఇవి వాళ్ళ చేతిలో పెడతాను. ఇప్పుడు నా పెట్టెలో బట్టల కింద ఉన్నాయి. ఆఫీసు ఫారాల మీద నేను సంతకం పెట్టలేదు.

అమ్మకి చెప్పకు. కంగారు పడుతుంది. దగ్గుకి మందు తెచ్చుకోమను, నేను అన్నానని అనకు.

సిద్దికా


పెదకాకాని,
20 ఫిబ్రవరి 2025.

సిద్దికా,

నేను పరుపు సంగతి రాశాను. ఇంత పని చెయ్యమనలేదు.

చేసింది తప్పని కాదు. రాత్రి అన్నం సయించలేదు, అంతే. మూడో ఏడు. ఇంకొక్కసారి పరీక్షలు. ఆ సారుకి కోపం వస్తే నిన్ను పరీక్షకి కూర్చోనిస్తారా? మీ అమ్మ ఆ మిరపకాయల్లో కూర్చునేది నీ పరీక్షల కోసమే.

పేర్లు లేకపోతే ఎవరు రాశారని అడగరా? అది కూడా అనిపించింది.

ఒక్క మాట విను. పెద్దాయనకి చెప్పకుండా చెయ్యకు. ముందు ఆ సారుకి చెప్పు. నెమ్మదిగా చెప్పు. చాటుగా చేస్తేనే ఎవరికైనా కోపం. ఎదురుగా చెబితే సగం తగ్గుతుంది.

దూది దొరికింది. తెల్లగా ఉంది. నరసరావుపేట వైపు నుంచి వచ్చింది. ఆరబెట్టాను.

తాత


ఒంగోలు,
4 మార్చి 2025.

తాతా,

ఈ ఉత్తరం అందగానే చదువు. పక్కన పెట్టకు.

నువ్వు చెప్పావని నిన్న ప్రద్యుమ్న సార్‌కి చెప్పేశాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీ చూపించారు.

"ఎన్ని?"

"నూట నలభై మూడు సార్."

"ఇంతమందా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా, నువ్వు రాయించిందాంట్లో ఒక్కటీ అబద్ధం ఉండదు. నాకు తెలియదా? కానీ ఈ గ్రేడు రాకపోతే ముందు మీ కెమిస్ట్రీ గ్రూపే ఎత్తేస్తారు. అప్పుడు ల్యాబు ఎక్కడ అడుగుతావు? నాకూ ఇద్దరు పిల్లలు."

నాకు జాలేసింది. "ఎలా ఉందో చెప్పకపోతే ఎలా బాగుపడుతుంది సార్?" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?" అన్నారు. అమ్మ నంబరు ఆఫీసులో ఉంది.

అమ్మకి ఫోను చేస్తారు. నాకు ఫోను ఆదివారం దాకా చేతికి రాదు, అందుకే ఇది రాస్తున్నాను. ఎవరూ రావద్దు. ఒకవేళ వచ్చినా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. నువ్వే రాశావు కదా నాకు, చూసి పెట్టమని.

కమిటీ పన్నెండున వస్తుంది. అప్పటిదాకా గడిస్తే చాలు. పరీక్ష రాయనివ్వరేమో అని భయపడకు. అలా ఆపే వీల్లేదని కిందటేడు చదువు ముగించిన సీనియర్ని అడిగి తెలుసుకున్నాను.

ఉపవాసాల్లో నీరసపడకు. దూది ఏకే మిషను పని సాయంత్రానికి పెట్టుకో.

సిద్దికా


పెదకాకాని,
8 మార్చి 2025.

సిద్దికాకి తాత దువా.

నీ గండం గడిచింది. నిన్న మీ కాలేజీకి వచ్చి వెళ్ళాను.

గురువారం సాయంత్రం మీ అమ్మకి ఫోను వచ్చింది. పిల్ల చిక్కులో పడింది, పెద్దవాళ్ళు రావాలి అని. అది ఏడ్చింది. నాకు ముందే తెలుసునని చెప్పలేదు. అది ఇప్పుడు ఒక్కరోజు పని మానితే ఆ చోట్లో వేరేవాళ్ళని కూర్చోబెడతారు. నేను పోతానన్నాను. "నీకు వినపడదు కదా" అంది. నాకు కోపం వచ్చింది. ఇంత వయసొచ్చి ఒక ఆఫీసుకి పోయి రాలేనా అన్నాను.

పొద్దున్నే బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఒంగోలులో దిగి ఆటో ఎక్కాను.

ఆ సారు మంచివాడు. లేచి నిలబడి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. ఉపవాసం అని చెప్పడానికి నోరు రాలేదు. మర్యాదగా ఇచ్చాడు కదా. కప్పు చేతిలో పట్టుకునే కూర్చున్నాను. చల్లారిపోయింది.

చాలాసేపు మాట్లాడాడు. గుబురు మీసం. పెదాలు కనిపించవు. మధ్యలో నవ్వాడు, నేనూ నవ్వాను. నీ పేరు వచ్చినప్పుడల్లా తల ఊపాను. పరీక్ష అన్నట్టు అనిపించింది. దానికి గట్టిగా ఊపాను. తర్వాత కాగితం ఇచ్చాడు. ఇంగ్లీషు. చూపుడు వేలు పెట్టి చోటు చూపించాడు. ఒక చేతిలో కప్పు ఉండగానే సంతకం పెట్టాను. ఆయన నా భుజం తట్టాడు. పరీక్షకి కూర్చోబెడతారని అప్పుడు నమ్మకం కలిగింది.

నిన్ను చూద్దామని గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మాయిలు గుంపుగా పోతున్నారు. నీలాగే ఒకమ్మాయి కనిపించింది. పిలుద్దామనుకున్నాను. నా గొంతు ఎంత పైకి వస్తుందో నాకే తెలియదు. అందరూ తిరిగి చూస్తారని సిగ్గేసింది. బస్సు టైమైంది.

ఇంతవరకు రాశాక పోస్టు వచ్చింది. నీ నాలుగో తేదీ ఉత్తరం.

చదివాను.

ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు సిద్దికా. ఏముంది?

మీ అమ్మ రాగానే చెప్పి రేపు ఫోను చేయిస్తాను. దానికి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

తాత


ఒంగోలు,
18 మార్చి 2025.

తాతా,

ఆదివారం అమ్మ ఫోను చేసింది. తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. నేను సోమవారం పొద్దున్నే ఆఫీసు తలుపు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డాను. "మా తాతకి వినపడదు సార్, ఆ కాగితం ఇచ్చెయ్యండి" అన్నాను.

"వినపడలేదని ఒక్క మాట కూడా అనలేదే! అన్నిటికీ సరే అన్నాడు పెద్దాయన" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత తల దించుకుని, "ఫైల్లో పెట్టేశానమ్మా" అన్నారు.

నిన్ను మళ్ళీ రమ్మందామనుకున్నాను. వచ్చి ఏం చేస్తావు? వాళ్ళు మాట్లాడితే మళ్ళీ తల ఊపుతావు.

పన్నెండున కమిటీ వచ్చింది. ముందురోజు ఒక వ్యానులో వేరే కాలేజీ నుంచి గాజు సామాను దించారు. హాస్టల్లో పరుపులకి కొత్త గలేబులు తొడిగారు. గడ్డలు అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం విద్యార్థులతో కూర్చున్నారు. సార్లు బయటికి వెళ్ళాలి, వెళ్ళలేదు, గోడ పొడుగునా నిలబడ్డారు. కమిటీలో ఒక పెద్దావిడ ఉంది. ఫారాల కట్ట ఆవిడ ముందు పెట్టాను. కట్ట మధ్యలోంచి ఒకటి లాగింది తాతా, పైనుంచి తియ్యలేదు. చదివి నవ్వింది. ఇంకోటి లాగింది. అప్పుడు నవ్వలేదు.

ప్రద్యుమ్న సార్ ముందుకొచ్చి నీ కాగితం పెట్టారు. అందులో ఉన్నది ఇది. మా మనవరాలు ఒకరిద్దరు స్నేహితులతో కలిసి ఈ ఫారాలన్నీ తానే రాసింది, తెలియక చేసింది, వీటిని లెక్కలోకి తీసుకోవద్దు, క్షమించండి. కింద నీ సంతకం.

"ఇది మీ తాతగారి సంతకమేనా?" అంది ఆవిడ.

పేరు కింద నువ్వు దబ్బనంలా పొడుగ్గా గీసే గీత. కాదని ఎలా అనను? అవునన్నాను.

"ఇందులో రాసింది నిజమేనా?"

కాదన్నాను. ఆయనకి వినపడదు అన్నాను. సార్లలో ఎవరో దగ్గారు. ఆవిడ పిల్లల వైపు తిరిగి, "మీలో ఎవరెవరు రాశారు? చేతులెత్తండి" అంది. ఆశ్రిత ఎత్తింది. త్రినాథ్ ఎత్తాడు. మిగిలినవాళ్ళు గోడ వైపు చూసి కిందికి చూసుకున్నారు. వాళ్ళని ఏమీ అనలేను. పేర్లు రాయక్కర్లేదని చెప్పింది నేనే.

టైమైందన్నారు. ఆవిడ లేచేటప్పుడు నా వైపు చూసింది. ఫారాలు బల్ల మీదే ఉండిపోయాయి. ఆ సాయంత్రం వెతికితే లేవు. గ్రేడు బాగానే వస్తుందంటున్నారు. సంఘంలో నా చోట్లో వేరే అమ్మాయిని వేశారు. ఆ అమ్మాయీ మాట్లాడదు.

ఇంకో సంగతి. ఆ రోజు పొద్దున ల్యాబులో మమ్మల్ని నిలబెట్టి తోమా అన్న చేత ప్రయోగం చేయించారు. గులాబీ రంగు చూశాను. ఒక్క చుక్కకి మొత్తం తిరిగిపోయింది. మర్నాడు గాజు సామాను వ్యాను ఎక్కి వెళ్ళిపోయింది.

వినపడలేదు, మళ్ళీ చెప్పండి అని ఒక్క మాట. అంతే కదా తాతా. ఎందుకు అడగలేదు?

పండక్కి రాను. చదువుకోవాలి.

సిద్దికా


పెదకాకాని,
4 ఏప్రిల్ 2025.

సిద్దికాకి,

పండగ అయింది. మీ అమ్మ సేమ్యా వండి నీ గిన్నె కూడా పెట్టింది. తర్వాత తీసేసింది.

నువ్వు అడిగావు. పదిహేను రోజులుగా దానికి జవాబు రాస్తున్నాను. చించేస్తున్నాను.

దూది ఏకే మిషను దగ్గర నలభై ఏళ్ళు కూర్చున్నాను. చెవులు ఎప్పుడు పోయాయో తెలియదు. పోయాయని ఎవరికీ చెప్పలేదు. నాకు చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు తెరవాలంటే సిగ్గు. ఏమిటి, ఏమిటి అని అడిగితే చిరాకు పడతారు. తల ఊపితే ఎవరూ చిరాకు పడరు. అలా అలవాటైంది. బేరాల దగ్గర ఊపాను. మీ అమ్మ పెళ్ళి మాటలప్పుడు మీ నాన్నవాళ్ళు ఏం అన్నారో సగం వినపడలేదు. ఊపాను. తర్వాత ఏమైందో నీకు తెలుసు. అది మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

మీ కాలేజీకి ఒక ఉత్తరం రాశాను. నాకు వినపడదు, ఇంగ్లీషు రాదు, అందులో ఏముందో తెలియకుండా సంతకం పెట్టాను, మా పిల్ల అబద్ధం ఆడలేదు, ఆ ఫారాలు పిల్లలు రాసినవే. ఇంతే. తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, రిజిస్టరు చేశాను. పండగ మర్నాడు తిరిగొచ్చింది. 'తీసుకొనుటకు నిరాకరించిరి' అని కవరు మీద రాసి ఉంది. ఆ పెద్దావిడకి రాద్దామంటే ఆమె పేరు తెలియదు. ఊరూ తెలియదు.

పరుపు అయింది. నిన్న ఒంగోలు బస్సులో పార్సిలు వేశాను. తొమ్మిది జానలు, నాలుగు జానలు. దూది అంతా కొత్తదే. తలవైపు ఎడమ మూల జానెడు కుట్టలేదు. దబ్బనం, దారం అక్కడే గుచ్చి ఉంచాను. చేతికి గుచ్చుకోకుండా చూసుకో.

తిరిగొచ్చిన కవరు విప్పలేదు. ఆ మూలలోనే దూది మధ్య పెట్టాను. చెయ్యి పెడితే తగులుతుంది. ఎవరైనా అడిగితే తీసి చూపించు. ఎవరూ అడగరేమో. అయినా కుట్టేసే ముందు కొన్నాళ్ళు చూడు.

మీ అమ్మ దగ్గు తగ్గింది.

తాత
షేక్ బుడాన్